హెప్‌వర్త్ చెక్క శిల్పం: పేచీ అంతా లోపలి నీలం దగ్గరే

బ్రిటిష్ శిల్పి బార్బరా హెప్‌వర్త్ 1943లో చెక్కిన ఒక చిన్న శిల్పం ఇప్పుడు బ్రిటన్ ప్రజల సొత్తు. దాని కోసం వేక్‌ఫీల్డ్‌లో ఆమె పేరుతోనే ఉన్న మ్యూజియం, మ్యూజియాల కొనుగోళ్లకు సాయపడే ఆర్ట్ ఫండ్ సంస్థ కలిసి 2025 ఆగస్టులో గడువు ముగిసేలోపు 38 లక్షల పౌండ్లు పోగుచేశాయి. మన లెక్కలో 40 కోట్ల రూపాయల పైమాటే. శిల్పం మాత్రం బల్ల మీద పట్టేంతే: కోడిగుడ్డు ఆకారంలో చెక్క, మధ్యలో తొలిచిన గుంట, గుంట లోపల లేత నీలం, దాని మీదుగా బిగించిన ఎర్రటి దారాలు. దీనికి ఇంత డబ్బా అని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు. వేలంలో న్యాయంగా కొన్న వస్తువును దేశం దాటకుండా ఆపడం సబబేనా అన్నది ఇంకో ప్రశ్న. ఇది బ్రిటన్‌లో కొన్నేళ్లకోసారి లేచే గొడవే.

వేక్‌ఫీల్డ్‌లో పుట్టుక, లండన్‌లో చదువు, హెన్రీ మూర్‌తో స్నేహం అందరూ రాసేవే, వాటిని వదిలేద్దాం. అసలు సంగతి 1939 ఆగస్టులో మొదలైంది. యుద్ధం ఇక కొన్ని రోజుల్లో వస్తుందనగా ఆమె, భర్త, చిత్రకారుడు అయిన బెన్ నికల్సన్, ఐదేళ్లు కూడా నిండని ముగ్గురు కవల పిల్లలతో లండన్ వదిలి కార్న్‌వాల్ తీరంలోని కార్బిస్ బేకి వెళ్లిపోయారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్లు ఆమె ఉలి పట్టలేకపోయింది. చెక్కడానికి చోటు లేదు, సరుకు లేదు, టైమ్ అసలే లేదు. పగలు పిల్లల బడి నడపడం, చిన్న పెరట్లో తిండికి సరిపడా కూరగాయలు పండించడం. రాత్రి పిల్లలు పడుకున్నాక కాగితం మీద బొమ్మలు గీయడం, చిన్న చిన్న ప్లాస్టర్ నమూనాలు చేసుకోవడం.

మలుపు ఆ నమూనాల్లోనే ఉంది. 1940లో చేసిన వాటిలో గుంట లోపలికి ముదురు నీలం వచ్చింది, ఎర్ర దారాలూ వచ్చాయి. 1942లో కాస్త పెద్ద ఇంటికి మారాక మళ్ళీ చెక్క దొరికింది, చెక్కే చోటూ దొరికింది. రాత్రుళ్లు దాచిపెట్టుకున్న ఆలోచన అప్పుడు చెక్కలోకి దిగింది. ఇప్పుడు 38 లక్షలు పలికిన గుడ్డు ఆ మరుసటేడు చేసిందే. చేతి నిండా తీరిక, గొడౌన్ నిండా చెక్క ఉన్న శిల్పికి ఈ రంగు తట్టేదా? నాకైతే అనుమానమే.

దారాల గురించి మాత్రం ఒక పాత వాదం ఉంది. అవి శిల్పి నౌమ్ గాబో దగ్గర నేర్చుకున్నవే అంటారు కొందరు. గాబో అప్పుడు కార్బిస్ బేలోనే పొరుగున ఉండేవాడు. మూర్ 1937 నుంచే తన శిల్పాలకు దారాలు కడుతున్నాడు. ఇదంతా నిజమే, కాదనక్కర్లేదు. కానీ ఆ వాదంలో రంగు ప్రసక్తి రాదు. ఆ గుంటల్లోని రంగు తనను నీళ్ల లోతుల్లోకి, గుహల్లోకి, నీడల్లోకి తీసుకెళ్లిందని హెప్‌వర్త్ తర్వాత రాసుకుంది. దారాలేమో తనకూ సముద్రానికీ, గాలికీ, కొండలకూ మధ్య తను అనుభవించిన బిగువట. సముద్రం ఒడ్డున మూడేళ్లు చేతులు కట్టేసినట్టు బతికిన మనిషి మాట అది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1933లో ఆమె పారిస్ దగ్గర మ్యూడాన్‌లో ఉన్న శిల్పి జాఁ ఆర్ప్ స్టూడియోకి వెళ్లింది. ఆర్ప్ ఇంట్లో లేడు, భార్య సోఫీ టాయిబర్ చూపించింది. అక్కడున్న తెల్లటి ప్లాస్టర్ ఆమెకు ప్రాణం లేనట్టు అనిపించింది. కానీ మర్నాడు రైల్లో వెళ్తుంటే, ఈయన మనిషి శరీరాన్నీ నేలతీరునూ ఎలా కలిపేశాడా అన్న ఆలోచన వదల్లేదు. గులకరాయిలా, మొగ్గలా, కడుపులా వంపులు తిరిగే ఈ ధోరణికి తర్వాత బయోమార్ఫిక్ అనే పేరు స్థిరపడింది. ఆర్ప్ అంతకుముందే చెక్క ముక్కలను వంపులుగా కోసి, రంగులు పూసి, గోడకు తగిలించే శిల్పాలు చేసేవాడు. అక్కడ రంగు పైపొర. హెప్‌వర్త్ దాన్ని కడుపులోకి పంపింది.

ఇక 2024 మార్చిలో జరిగింది క్లుప్తంగా. క్రిస్టీస్ వేలంలో శిల్పం సుమారు 35 లక్షల పౌండ్లకు ఒక ప్రైవేటు కొనుగోలుదారుకు వెళ్లింది. దేశం దాటించడానికి అనుమతి అడిగితే ప్రభుత్వం తాత్కాలికంగా ఆపింది. 1952లో వేవర్లీ కమిటీ పెట్టిన మూడు పరీక్షలు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి: జాతి చరిత్రతో దగ్గరి సంబంధం, కళగా అసాధారణ విలువ, అధ్యయనానికి ప్రత్యేక ప్రాధాన్యం. వీటిలో ఒక్కటి నెగ్గినా, స్థానికంగా ఎవరైనా అదే ధర ఇచ్చి కొనుక్కోవడానికి కొంత గడువిస్తారు. అంటే అమ్మేవాడికి నష్టం లేదు.

వద్దనేవాళ్ల మాటా ఉంది. ఇదే కోవకు చెందిన హెప్‌వర్త్ శిల్పం ‘వేవ్’ ఎడిన్‌బరోలో ప్రజల సేకరణలో ఉంది కదా, ఇంకోటి ఎందుకంటారు. ఆ డబ్బు బతికున్న శిల్పులకు ఇవ్వొచ్చుగా అంటారు. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. అయితే కొనమని పట్టుబట్టిన వాళ్లలో ఆంటొనీ గోర్మ్లీ, అనీశ్ కపూర్ లాంటి బతికున్న శిల్పులే ముందున్నారు. ముంబైలో పుట్టిన కపూర్ తన పేరు నిలబెట్టుకున్నది కూడా రంగు నింపిన గుంటలతోనే.

వేక్‌ఫీల్డ్ మ్యూజియానికి హెప్‌వర్త్ కుటుంబం ఇచ్చినవి 44 ఉన్నాయి. ఎక్కువగా ప్లాస్టర్, అల్యూమినియం నమూనాలు, కంచులో పోతపోయడానికి ముందు మెట్టు. ఆమె స్వయంగా తొలిచి లోపల రంగు పూసిన చెక్క శిల్పం కోసం 2,800 మందికి పైగా మామూలు జనం తలా కొంత వేశారు. ఆర్ట్ ఫండ్ 7.5 లక్షల పౌండ్లిచ్చింది. దాదాపు సగం లాటరీ డబ్బుతో నడిచే వారసత్వ నిధి నుంచి వచ్చింది.