సామ్రాజ్యవాదం: మా క్లాసులో ఏటా వినిపించే అపోహలు

గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్స్ పిల్లలకు పద్దెనిమిదేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. బ్యాచ్ మారుతుంది గానీ ఈ పాఠం దగ్గర వినపడే మాటలు మారవు.

అపోహ: సామ్రాజ్యవాదమంటే దండెత్తి వచ్చి జెండా పాతడం.

వాస్తవం: చాలాచోట్ల ఆ పనే పడలేదు. బోర్డు మీద నిజాం లెక్క రాసి చూపిస్తాను. 1798లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లస్లీతో సైన్య సహకార ఒప్పందం. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న సొంత దళాన్ని నిజాం రద్దు చేసుకోవాలి, బదులుగా కంపెనీ పటాలాలు కాపలా ఉంటాయి. జీతాలు నిజాం ఖజానావి, ఆజ్ఞలు కంపెనీవి. రెండేళ్లు తిరక్కుండానే పటాలాలు పెరిగాయి, ఖర్చూ పెరిగింది. 1800లో ఆ ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప సీమలు కంపెనీకి రాసిచ్చాడు. టిప్పు మీద యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలే అది! నిజాం మీద ఒక్క తుపాకీ పేలలేదు. మొన్న వెనక బెంచీలోంచి ఓ అనంతపురం అమ్మాయి, "సినిమా కలెక్షన్లలో సీడెడ్ అంటారే, అదేనా సార్?" అంది. అదేనమ్మా. సీడెడ్ అంటే అప్పగించినవి, దత్తమండలాలంటే అవే.

అపోహ: ఏదేమైనా కృష్ణకు ఆనకట్ట కట్టింది తెల్లదొరలే కదా.

వాస్తవం: కట్టారు, కాదనను. బెజవాడ దగ్గర అది పూర్తయింది 1855లో. గుంటూరు కరువు వచ్చింది 1832-33లో. పెద్దవాళ్లు నందన కరువు అనేవారు. జిల్లాలో సుమారు ఐదు లక్షల జనం ఉంటే లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని అంచనా. ఆ తర్వాత ఇరవై రెండేళ్లకు నీళ్లొచ్చాయి, తీరువా (నీటి పన్ను)తో సహా.

అపోహ: ఇప్పటి జోక్యాలు నియంతల్ని దించడానికే.

వాస్తవం: 1953లో ఇరాన్‌లో అమెరికా, బ్రిటన్ కలిసి దింపింది మొసాదెక్‌ని. పార్లమెంటు మద్దతుతో ప్రధాని అయినవాడు. చేసిన నేరం 1951లో చమురును జాతీయం చేయడం. కుట్ర తర్వాత ఏడాదికి కుదిరిన కొత్త ఒప్పందంలో అమెరికా కంపెనీలకు 40 శాతం వాటా దక్కింది. 2003లో అమెరికా దాడి చేసినప్పుడు ఇరాక్‌లో గద్దె మీద ఉన్న సద్దాం నియంతే, నిజమే. కానీ వెతకడానికి వెళ్లిన సామూహిక విధ్వంసక ఆయుధాలు మాత్రం దొరకలేదు.

అపోహ: ఇదంతా అమెరికా జబ్బు.

ఇది మా ఎర్ర మిత్రులకు రుచించదు గానీ, 1956లో హంగరీకి, 1968లో చెకోస్లొవేకియాకు, 1979లో అఫ్గానిస్తాన్‌కు టాంకులు పంపింది మాస్కో. మన సంగతేమిటని ఈసారి ఓ కుర్రాడు నిలదీశాడు. శ్రీలంక గురించి చెప్పాను. 1987లో అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని శాంతి కోసం వెళ్లిన మన సైన్యం, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈతోనే యుద్ధంలో పడింది. ఆ దేశాధ్యక్షుడు ప్రేమదాస పొమ్మన్నాడు. 1990 మార్చిలో ఆఖరి దళం తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం.

"పరీక్షలో వస్తే జోక్యమని రాయాలా, సాయమని రాయాలా సార్?" అన్నాడు.

పిలిచిందెవరో, పొమ్మన్నదెవరో, మధ్యలో ఎన్నేళ్లో రాయమన్నాను.