పేరుకు పన్ను, పొట్లానికి పన్ను: సూపర్‌మార్కెట్ సొంత సరుకుల ధర వెనుక కథ

2025 సెప్టెంబరు 22న బిస్కెట్లపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి, నెయ్యిపై 12 శాతం నుంచి 5 శాతానికి దిగిన తర్వాత, బెంగళూరు తెలుగు ఇళ్లలో పాత వాదన ఒకటి మళ్లీ తలెత్తింది. సూపర్‌మార్కెట్ తన పేరుతో అమ్మే సరుకు కొనాలా, లేక టీవీలో కనిపించే బ్రాండు సరుకు కొనాలా అన్నదే ఆ వాదన. మారతహళ్లి, మహదేవపుర అపార్టుమెంట్లలో అది బిస్కెట్లతో మొదలై చివరికి కందిపప్పు దగ్గరకూ సోనా మసూరి బియ్యం దగ్గరకూ చేరుతుంది. పొట్లం కట్టి లేబుల్ వేసిన బియ్యం, పప్పులపై పన్ను మాత్రం ఆ రోజున మారనే లేదు. అంతకుముందు ఉన్న 5 శాతమే ఇప్పటికీ ఉంది.

బ్రిగేడ్ రోడ్డు నీల్గిరీస్ వెన్న, 1996లో చెన్నైలో తలుపులు తెరిచిన ఫుడ్‌వరల్డ్, బిగ్‌బజార్ వైభవం, 2011లో ఈ నగరంలోనే పుట్టిన ఆన్‌లైన్ అంగడి బిగ్‌బాస్కెట్ వంటి సరుకుల దుకాణాల గురించి అందరికీ తెలిసిందే కనుక వాటిని మళ్లీ తిరగదోడవలసిన పని లేదు. నేటి ధరల తేడాను అర్థం చేసుకోవాలంటే దుకాణాల చరిత్ర కన్నా ఒక పన్ను నిబంధనలోని రెండు మూడు మాటలు ఎక్కువగా ఉపయోగపడతాయి.

2017 జులై 1న జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు, రిజిస్టరైన బ్రాండు పేరుతో ప్యాకెట్లలో అమ్మే బియ్యం, పప్పు, పిండిపై 5 శాతం పన్ను పడింది. అటువంటి పేరు లేని సరుకుపై పన్ను లేదు. అంటే ప్రభుత్వం పన్ను వేసింది పప్పు మీద కాదు, పేరు మీద. దాంతో పేరును వదిలించుకునే ప్రయత్నాలు మొదలయ్యాయి. వాటికి అడ్డుకట్ట వేయడానికి అదే ఏడాది సెప్టెంబరులో నిబంధనను బిగించి, 2017 మే 15 నాటికి రిజిస్టరై ఉన్న పేరును ఆ తర్వాత రద్దు చేసుకున్నా పన్ను తప్పదన్నారు. రిజిస్టరు కాని పేరైనా, ఇతరులు దాన్ని వాడుకుంటే కోర్టుకెక్కే హక్కు ఉంటే పన్ను కట్టాలన్నారు. ఆ హక్కును స్వచ్ఛందంగా వదులుకుంటున్నామని ప్రమాణపత్రం దాఖలు చేసి, ఆ మాటను ప్రతి సంచిపైనా ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ చెరిగిపోని సిరాతో అచ్చువేసినవారికి మాత్రం మినహాయింపు దక్కింది. అలా ఒకే బస్తాపై మిల్లు పేరు అరచేయంత అక్షరాల్లోనూ, ఆ పేరుపై హక్కు మాకు వద్దన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లోనూ పక్కపక్కనే కనిపించిన రోజులవి. మనం దాన్ని చదవకుండానే కుట్టు విప్పి డబ్బాలో పోసుకున్నాం.

ఈ ఏర్పాటు అయిదేళ్లు నడిచింది. పేరున్న సరుకు కాస్త ప్రియంగా ఉంటుందని, ఆ ప్రియమే నాణ్యతకు గుర్తని కొనుగోలుదారుకు అలవాటైన కాలం ఇదేనన్నది ఈ రచయిత అభిప్రాయం.

2022 జూన్ చివర చండీగఢ్‌లో జరిగిన జీఎస్టీ మండలి 47వ సమావేశం ‘రిజిస్టరైన బ్రాండు’ అన్న మాటను తీసేసి, ‘ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసినవి’ అన్న మాట పెట్టాలని నిర్ణయించింది. జులై 18 నుంచి, 25 కిలోలు, అంతకు లోపు పొట్లమైతే పేరు ఎవరిదైనా 5 శాతం పన్ను పడింది. ధాన్యం వర్తకులు నిరసన తెలిపారు. మర్నాడు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఇచ్చిన వివరణ ప్రకారం, మినహాయింపు దుర్వినియోగమై రాబడి పడిపోయింది. పన్ను కడుతున్న సరఫరాదారులు, వారి సంఘాలే ప్యాకెట్ సరుకులన్నిటిపై ఒకే తీరుగా పన్ను వేయమని ప్రభుత్వాన్ని కోరాయి. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోవాలి. సమానమైన పన్ను కావాలని బ్రాండ్ల పక్షం అడిగింది, దొరికింది. కాబట్టి ఈనాడు ఒకే అరలో పక్కపక్కనే ఉన్న రెండు కిలో పొట్లాల మధ్య కనిపించే తేడాకు పన్నును కారణంగా చూపడానికి వీల్లేదు. ఆ తేడాలో ప్రకటనల ఖర్చు, పంపిణీదారు వాటా, సరుకు గ్రేడు వంటివే మిగిలాయి. మొదటి రెండూ కుక్కరులోకి రావు.

ఆ నిబంధనకు పుట్టిన బిడ్డ 26 కిలోల బస్తా. పాతిక దాటితే పన్ను లేదు కనుక మిల్లులు ఒక కిలో కలిపి కుట్టాయి. సూపర్‌మార్కెట్ తన పేరుతో అమ్మే పది కిలోల సోనా మసూరికి నిజమైన పోటీ ఆ బస్తాయే గాని, పక్కనున్న బ్రాండు సంచి కాదు. నలుగురున్న ఇంట్లో రోజూ అన్నమే వండుకుంటే బస్తా నయం. ఇద్దరే ఉండి, వారంలో సగం రోజులు ఆఫీసు క్యాంటీన్‌లో తినేవారికి పురుగు పట్టే భయం ఎలాగూ ఉంటుంది.

రుచి విషయంలో బ్రాండ్ల వాదన ఒక్కటే: ఏడాది పొడవునా ఒకే నాణ్యత ఇస్తామని. అందులో కొంత నిజముంది. అయితే పప్పు ఉడికే తీరు గింజ ఏ నేలదో, కొత్త పంటో పాతదో అన్నదానిపై ఆధారపడుతుంది. కలబురగి కందిపప్పుకు 2019లో, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, ఆ ఊళ్ల పేర్లు సూపర్‌మార్కెట్ల సొంత లేబుల్ పొట్లాలపైనే కాదు, పెద్ద బ్రాండ్ల పొట్లాలపైనా అరుదు. మా ఇంట్లో దుకాణం సొంత పప్పునూ బ్రాండు పప్పునూ ఒకే కుక్కరులో రెండు గిన్నెల్లో పెట్టి, సాంబారు కాకుండా ముద్దపప్పే చేసి చూశాం. దుకాణం పప్పు ఇంకొక విజిల్ అడిగింది. నెయ్యి వేసి కలిపాక ఏది ఏదో పెద్దవాళ్లు కూడా చెప్పలేకపోయారు. పొట్లం వెనక తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి చిరునామా, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఉంటాయి. ముందువైపు పేరు కంటే అవే ఎక్కువ చెబుతాయి.

కాఫీ పొడి, సాంబారు పొడి వేరే సంగతి. అక్కడ కొనేది గింజను కాదు, కలిపే చేతిని. ఆ చేయి మారితే మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. చికోరీ అనే వేరు పొడి కలిపిన కాఫీ పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత కలిపారో లేబుల్ మీద రాయాలి. కాఫీ 80, చికోరీ 20 పాళ్లలో ఉన్న బ్రాండును 60:40 దుకాణం పొడితో పోల్చి చవక అనుకుంటే, ఆ మిగులు చికోరీదే.

ఇప్పటి గందరగోళానికి మరొక మూలం 2021 నవంబరులో సవరించిన ప్యాకేజీ నిబంధనలు. నూనె, బిస్కెట్ల వంటివాటికి అంతకుముందున్న నిర్ణీత పరిమాణాలు ఆ సవరణతో పోయాయి; బదులుగా గ్రాముకు లేదా కిలోకు ఎంతో పొట్లంపై అచ్చువేయాలన్నారు. అందుకే ఒక నూనె ప్యాకెట్ లీటరు, అంటే సుమారు 910 గ్రాములు ఉంటే, దాని పక్కది అంతకన్నా తక్కువ ఉండి అంతే ఎత్తుగా కనిపించగలదు. కిలోలోపు పొట్లానికి గ్రాము లెక్క, కిలో దాటితే కిలో లెక్క. పైగా ఆ లెక్క కట్టేది ఎంఆర్‌పీ మీద. దుకాణం తన పొట్లంపై ఎంఆర్‌పీ పెద్దగా వేసి, సగానికి సగం తగ్గించి అమ్మినప్పుడు అచ్చులోని ధరకూ బిల్లులోని ధరకూ పొంతన ఉండదు. అక్కడ సొంత లేబుల్ వాళ్లకు కూడా సాకు లేదు. బిల్లులో పడిన ధరను బరువుతో భాగించుకోవలసింది కొన్నవారే.