పువ్వుకన్నా ముందు కణుపు చూడాలి

గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు: ఈ నాలుగూ వేర్వేరు మొక్కలు. పువ్వు రంగును నమ్ముకుని వీటిని గుర్తుపట్టాలంటే తికమక తప్పదు. గన్నేరు తెల్లగా పూస్తుంది, గులాబీ రంగులోనూ పూస్తుంది; బిళ్ళగన్నేరూ అంతే. పచ్చగన్నేరులోనూ తెల్లగా పూసే రకం ఉంది. అయితే పువ్వు ఒక్కటి కూడా లేని కాలంలో సైతం ఈ నాలుగింటినీ విడదీసి చూపే చోటు ఒకటుంది. అది కణుపు, అంటే కొమ్మ మీద ఆకు పుట్టే చోటు.

గన్నేరులో సాధారణంగా ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు కొమ్మ చుట్టూ వలయంగా ఉంటాయి. పచ్చగన్నేరు ఆకులు కూడా సన్నగా పొడుగ్గానే ఉంటాయి గానీ, కణుపుకు ఒక్కటే వస్తుంది. కొమ్మను చుట్టుకుంటూ పైకి సాగుతాయి. బిళ్ళగన్నేరులో రెండేసి ఆకులు ఎదురెదురుగా పుడతాయి, మధ్య ఈనె తెల్లగా తేలి కనిపిస్తుంది. దేవగన్నేరు పెద్ద ఆకులు లావుపాటి కొమ్మల చివర గుబురుగా ఉంటాయి. ఆ ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, అంచుకు కాస్త లోపలగా పక్క ఈనెలన్నిటినీ కలుపుతూ పోయే మరో ఈనె స్పష్టంగా కనిపిస్తుంది. ఎంత అందమైన గుర్తో!

ఆకు పరిమాణం కంటే అమరికను నమ్మడానికి కారణముంది. ఒకే మొక్కకు నీడలో ఉన్న ఆకులు వెడల్పుగా, పలచగా పెరుగుతాయి. ఎండలో ఉన్నవి చిన్నగా, మందంగా ఉంటాయి. అమరిక మాత్రం కొన మొగ్గలో, ఆకు ఇంకా కంటికి ఆనని బుడిపెగా ఉన్నప్పుడే నిర్ణయమైపోతుంది. అరుదుగా ఇదీ మారుతుంది. నీలగిరి యూకలిప్టస్ లేతప్రాయంలో ఆకులు ఎదురెదురుగా ఉండి, చెట్టు ముదిరాక ఒక్కొక్కటిగా, కొడవలి ఆకారంలో వస్తాయి.

అసలు ఏది ఆకు అన్న ప్రశ్న కూడా చిన్నదేమీ కాదు. గులాబీ కొమ్మ మీద అయిదు ఆకులుగా కనిపించేది నిజానికి ఒకే ఆకు, అయిదు పత్రకాలుగా చీలిన సంయుక్త పత్రం. తేల్చుకోవడానికి మొగ్గను వెతకాలి. ఆకు తొడిమ కొమ్మను కలిసే మూలలో మొగ్గ ఉంటుంది. పత్రకం మొదట్లో ఉండదు. మల్లె, జాజి దగ్గరి బంధువులే అయినా, మల్లెది విడి ఆకు, జాజిది సంయుక్త పత్రం.

ఇక పువ్వు. మొక్క పేరు తేల్చడంలో ఆకు ముందుంటే, దాని బంధువులను చూపడంలో పువ్వు ముందుంటుంది. పరాగ సంపర్కంతో ముడిపడినందువల్ల పువ్వు నిర్మాణం అంత తేలిగ్గా మారదు. నాలుగు గన్నేర్ల పువ్వుల్లోనూ ప్రతి రేక ఒక అంచు పక్క రేక మీదికి వాలి, అన్నీ కలిసి గాలిమరలా ఒకే వైపుకు తిరిగి ఉంటాయి. నాలుగూ అపోసైనేసి కుటుంబానివే. అలాగే మందారం, పత్తి, గంగరావి పువ్వుల్లో కేసరాలు కలిసిపోయి కీలం చుట్టూ గొట్టంలా ఏర్పడతాయి. ముద్దమందారంలో వెతికితే ఈ గొట్టం సరిగా దొరకదు, కేసరాలు చాలావరకు రేకలుగా మారిపోతాయి కాబట్టి. పోల్చిచూడటానికి ఒంటిరేక పువ్వే మంచిది.

1735లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ మొక్కలను 24 తరగతులు చేసినప్పుడు ఎక్కువగా ఆధారపడింది కేసరాల లెక్క మీదే. లెక్కపెట్టడం సులువే, కానీ దానివల్ల రెండేసి కేసరాలున్న మల్లె, సాల్వియా ఒకే తరగతిలో చేరాయి. నిజానికి అవి వేర్వేరు కుటుంబాలవి. ఏ ఒక్క లక్షణాన్నో పట్టుకుంటే ఇలాగే అవుతుంది.

రంగు సంగతి చెప్పనక్కర్లేదు. లాంటానా పువ్వు పసుపుగా విచ్చుకుని, తర్వాత గులాబీ రంగుకో ఎరుపుకో మారుతుంది. హైడ్రేంజియా ఆమ్ల నేలలో నీలంగా, క్షార నేలలో గులాబీ రంగులో పూస్తుంది. కాగితపు పువ్వులో మనం రేకలనుకునేవి రంగు పులుముకున్న ఆకులు. అసలు పువ్వు వాటి మధ్యలోని సన్నటి తెల్ల గొట్టం.

గుర్తుపట్టడం కోసం రుచి చూడటం మాత్రం ఎన్నడూ చేయకూడదు. గన్నేరు, పచ్చగన్నేరు మొక్కల్లో అన్ని భాగాలూ విషమే, అది నేరుగా గుండె మీద పనిచేస్తుంది. బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీస్తారు; అవి కూడా వైద్యుల చేతిలోనే మందులు.

తెలియని మొక్కను ఫోనులో ఫోటో తీసి ఎవరినైనా అడిగేటప్పుడు విచ్చిన పువ్వు ఒక్కటే పంపితే సరిపోదు. రెండు మూడు కణుపులు కనిపించే కొమ్మ, ఆకు అడుగు భాగం, పువ్వు పక్క నుంచీ వెనక నుంచీ ఎలా ఉందో, కాయ ఉంటే కాయ, ఇవన్నీ కావాలి. ఆకు తుంచితే పాలు కారాయా, నలిపితే వాసన వచ్చిందా అన్నది ఫోటోలో రాదు కాబట్టి రాసి పంపాలి. తుంచిన చేతులు వెంటనే కడుక్కోవాలి.