జెకెన్‌డార్ఫ్ పేరిట ప్రచారంలో ఉన్న కథలు: అపోహలు - వాస్తవాలు

బ్యాంకు అప్పు ఇచ్చే ముందు తనఖా పెట్టబోయే ఆస్తికి విలువ కట్టడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు న్యూయార్క్ డెవలపర్ విలియం జెకెన్‌డార్ఫ్ ప్రస్తావన తేకుండా ఉండలేను. ఆయన 1905లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పారిస్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. యూనివర్సిటీ చదువు మధ్యలోనే వదిలేసి, 1938లో వెబ్ అండ్ న్యాప్ అనే రియల్ ఎస్టేట్ సంస్థలో చేరి, 1949 నాటికి దాన్ని పూర్తిగా చేతుల్లోకి తెచ్చుకుని, అమెరికాలో అంతటి డెవలపర్ లేడనిపించుకున్న ఈ మనిషి, 1965లో అదే సంస్థ దివాలా కోర్టుకెక్కడాన్ని కళ్లారా చూశారు. 1976 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆయన కట్టించిన భవనాలు ఎవరివో తెలియని వాళ్లు కూడా ఆయన గురించి కథలు మాత్రం చెబుతుంటారు. వాటిలో సగం తప్పు.

అపోహ: ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఉన్న స్థలాన్ని ఆయన దానం చేశారు.

వాస్తవం: అమ్మారు. దానం చేసింది చమురు సంపన్నుల కుటుంబానికి చెందిన జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్. అయితే ఆ అమ్మకం కంటే దానికి ముందు జరిగిన కొనుగోలే మా వృత్తి వాళ్లకు పాఠం. ఈస్ట్ నది ఒడ్డున అప్పట్లో కబేళాలుండేవి. ఆ వాసన భరించలేకే పక్కనున్న ట్యూడర్ సిటీ అపార్ట్‌మెంట్లను నది వైపు దాదాపు కిటికీలే లేకుండా కట్టారు. నదీ తీరాన ఇల్లు కట్టి నదికి వీపు తిప్పడమంటే అక్కడి పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. జెకెన్‌డార్ఫ్ కబేళాల స్థలానికి చుట్టుపక్కల రేటు కంటే ఎక్కువే ఇచ్చి బేరం కుదుర్చుకున్నారు. పైకి నష్టపు బేరంలా కనిపిస్తుంది. కానీ చుట్టూ ఉన్న స్థలాలన్నిటి ధరనూ తొక్కిపెట్టింది ఆ కబేళాలే కాబట్టి, అవి వెళ్లిపోతున్నాయన్న కబురు బయటికి పొక్కకముందే పక్క స్థలాలను చౌకగా ఒక్కొక్కటిగా కొని కలుపుకున్నారు. అంతా కలిపి చూస్తే సగటు ధర తక్కువే పడింది.

అక్కడ సొంతంగా ఒక మహానగరం లాంటిది కట్టాలని ఆయన కలగన్నారు. ఇంతలో 1946 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఫిలడెల్ఫియాకు తరలిపోయేలా ఉందని తెలిసి, ఆ స్థలం ఇస్తానని మేయరుకు కబురు పెట్టారు. డిసెంబరు 10 రాత్రి ఆయన ఒక నైట్‌క్లబ్బులో విందులో ఉండగా, రాక్‌ఫెల్లర్ల తరఫున ఆర్కిటెక్ట్ వాలెస్ హ్యారిసన్ స్థలం మ్యాపు పట్టుకుని అక్కడికే వచ్చారు. ధర 85 లక్షల డాలర్లు. బల్ల దగ్గరే మ్యాపు పరిచి, హద్దులు చూసుకుని, సంతకం పెట్టేశారు. నాలుగు రోజులకల్లా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ స్థలాన్ని స్వీకరించింది. తాగిన మైకంలో అమ్ముకున్నాడని కొందరు నవ్వుతూ చెబుతారు గానీ, హద్దులూ ధరా ముందే నిర్ణయమై ఉన్న కాగితంపై సంతకం పెట్టడానికి విందైతేనేం, ఆఫీసైతేనేం?

అపోహ: ఆయన ‘హవాయి పద్ధతి’ కాగితాల మీద చేసిన గారడీ.

వాస్తవం: ఇది కొంచెం వివరంగా చెప్పవలసిన విషయం. హవాయిలో చేపల వేటకు వెళ్లినప్పుడు తట్టిన ఆలోచన కావడంతో దానికి ఆ పేరు వచ్చింది. అంకెలు నేను కల్పించి చెబుతాను. ఒక భవనం మీద ఏటా 10 లక్షల నికర అద్దె వస్తోందనుకుందాం. పది శాతం రాబడి ఆశించే వ్యక్తి దానికి కోటి రూపాయలు ఇస్తాడు. అదే భవనాన్ని భూమి, లీజు హక్కు (భూమికి అద్దె కడుతూ పైనున్న భవనం అద్దెలు వసూలు చేసుకునే హక్కు) అని రెండు ముక్కలు చేసి, భూమి యజమానికి ఏటా రెండున్నర లక్షల భూమి అద్దె అన్నిటికంటే ముందుగా చెల్లించేలా రాసిస్తే, అంత భద్రమైన ఆదాయం కోసం ఐదు శాతానికే తృప్తిపడే బీమా కంపెనీ ఒకటి ఆ భూమికి 50 లక్షలు ఇస్తుంది. మిగిలిన ఏడున్నర లక్షల ఆదాయం ఉన్న లీజు హక్కును పది శాతం లెక్కన మరొకరు 75 లక్షలకు కొంటారు. కోటి రూపాయల ఆస్తి కోటీ పాతిక లక్షలు పలికింది. ఎవరినీ మోసం చేయలేదు. ఒక్కొక్కరి భయానికీ ఆశకూ తగిన ముక్కను వాళ్లకే అమ్మారు, అంతే. జెకెన్‌డార్ఫ్ ఇక్కడితో ఆగకుండా, ఆ రెండు ముక్కల మీద వేర్వేరు తనఖాలనూ, లీజు మీద మరో లీజునూ సృష్టించేవారు.

అయితే ఈ లెక్కకు రెండో పేజీ ఉంది. అద్దె 10 లక్షల నుంచి ఐదుకు పడిపోయిందనుకోండి. భూమి అద్దె రెండున్నర లక్షలు ఎలాగూ ముందే కట్టాలి కనుక, లీజుదారుకు మిగిలేది రెండున్నర లక్షలే. భవనం ఆదాయం సగమే తగ్గినా అతని ఆదాయం మూడింట రెండు వంతులు పోయింది. భవనాన్ని ఎన్ని ముక్కలు చేస్తే చివరి ముక్క పట్టుకున్నవాడికి అంత దెబ్బ, ఆ చివరి ముక్క చాలాసార్లు జెకెన్‌డార్ఫ్ దగ్గరే ఉండేది.

అపోహ: ఆయన ఆడంబరమే ఆయన్ను ముంచింది.

వాస్తవం: ఆడంబరానికి లోటు లేని మాట నిజమే. మాడిసన్ అవెన్యూ భవనం పైకప్పు మీద టేకు చెక్క తాపడంతో గుండ్రంగా, చుట్టూ కిటికీలే లేకుండా కట్టించుకున్న ఆఫీసు గదిలో కూర్చుని, వచ్చినవాళ్లను బట్టి దీపాల రంగు మార్చేవారు. నోట్లో చుట్ట, కార్లో ఫోను. మన్‌హట్టన్ పడమటి ఒడ్డున భవనాల కప్పుల మీదే విమానాశ్రయం కడదామని ఒకసారి ప్రతిపాదించారు కూడా. కానీ ఆ గుండ్రటి గదిని గీసినది ఐ.ఎం.పే. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పుకుంటున్న ఆ యువకుణ్ణి 1948లో తీసుకొచ్చి సొంత ఆర్కిటెక్టుగా పెట్టుకుని, డెన్వర్‌లో, న్యూయార్క్‌లో, ఫిలడెల్ఫియాలో పెద్ద పనులు అప్పగించినది జెకెన్‌డార్ఫే. తర్వాత ఫ్రాన్స్‌లోని లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ కట్టిన పే ఈయనే. గది ఖర్చు కంపెనీ అప్పుల ముందు సముద్రంలో కాకిరెట్ట.

అపోహ: ప్రాజెక్టులు పనికిరానివి కాబట్టే దివాలా తీశారు.

వాస్తవం: పనికిరానివి లేకపోలేదు. బ్రాంక్స్‌లో వెబ్ అండ్ న్యాప్ స్థలంలో 1960లో తెరిచిన ఫ్రీడమ్‌ల్యాండ్ వినోద పార్కు నాలుగేళ్లకే మూతపడింది. కానీ మిగతావి చూడండి. వైమానికుడు లిండ్‌బర్గ్ 1927లో విమానంలో అట్లాంటిక్ దాటడానికి బయలుదేరిన రూజ్‌వెల్ట్ ఫీల్డ్ మైదానంలో కట్టిన మాల్, ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ స్టూడియో స్థలంలో మొదలుపెట్టిన సెంచరీ సిటీ, వాషింగ్టన్‌లో లాఫాంట్ ప్లాజా, మాంట్రియల్‌లో రైలు పట్టాల గోతి మీద లేపిన ప్లాస్ విల్ మారీ, ఇవన్నీ నేటికీ నిలిచే ఉన్నాయి. చాలావాటి ఫలం ఆయన తర్వాత వచ్చినవాళ్లు తిన్నారు. సెంచరీ సిటీలో ఆయన వాటా అల్యూమినియం కంపెనీ ఆల్కోవాకు వెళ్లిపోయింది.

అసలు చిక్కు గడువుల్లో ఉంది. పాత పేటలను పడగొట్టి కొత్తగా కట్టే పట్టణ పునర్నిర్మాణ పథకాలకు అనుమతులు రావడానికే ఏళ్లు పట్టేది. భవనం నిండి అద్దెలు రావడానికి మరికొన్నేళ్లు. వాటి కోసం తెచ్చిన అప్పులు మాత్రం నెలల గడువువి, కొన్నిటి వడ్డీ 18 శాతం. మన లెక్కలో నూటికి రూపాయిన్నర. బ్యాంకు రేటుకు చచ్చేకంటే 18 శాతానికి బతకడమే నయమని ఆయన అనేవారు. నేను ఒకసారి విలువ కట్టిన వెంచర్ గుర్తొస్తుంది: స్థలం బంగారం, కాగితాలు శుభ్రం, కానీ యజమాని రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో లేఅవుట్ అనుమతి కోసం పద్నాలుగు నెలలు ఎదురుచూశారు. అనుమతి వచ్చేనాటికి ప్లాట్లు అప్పిచ్చినవాళ్ల పేరు మీదున్నాయి. విలువ కట్టే నివేదికలో ఆస్తి ధరకు గడి ఉంటుంది గానీ, యజమాని ఓపికకు ఉండదు.

ఆయన్ను పూర్తిగా వెనకేసుకురావడం కూడా నాకు ఇష్టం లేదు. వెబ్ అండ్ న్యాప్ 1952 నుంచి జనం షేర్లు కొనుక్కునే కంపెనీ. ఆ 18 శాతం పందెంలో పోయినది ఆయన డబ్బు ఒక్కటే కాదు.

అపోహ: దివాలాతో ఆయన పేరు తుడిచిపెట్టుకుపోయింది.

వాస్తవం: కొడుకు, ఆ తర్వాత మనవలు న్యూయార్క్‌లో అదే వ్యాపారం చేశారు. ప్లాస్ విల్ మారీ పూర్తిచేయడానికి డబ్బు చాలక 1960లో జెకెన్‌డార్ఫ్ రెండు బ్రిటిష్ సంస్థలను భాగస్వాములుగా తెచ్చుకున్నప్పుడు, ముగ్గురూ అనే అర్థంలో ‘ట్రై’ పెట్టి, తన పేరులోని జెడ్, ఈగిల్ స్టార్‌లోని ఈ, కోవెంట్ గార్డెన్‌లోని సీ కలిపి ట్రైజెక్ అని పేరు పెట్టారు. ఆ కంపెనీ ఆయన చేతుల్లోంచి జారిపోయి ఉత్తర అమెరికాలోని పెద్ద ఆఫీసు భవనాల సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. 2006లో దాన్ని వేరొకరు కొనేదాకా, ఆయనతో ఏ సంబంధమూ లేని భవనాల అద్దె రసీదుల మీద కూడా ఆ జెడ్ అక్షరం అచ్చవుతూనే ఉంది.