గాలిని తికమక పెట్టే మేడలు

పారే కాలువలో ఒక సన్నటి కర్రను నిలువుగా ముంచి, చేత్తో వదులుగా పట్టుకుని చూడండి. నీళ్లు కర్రను ముందుకు తోస్తాయనుకుంటాం. తోస్తాయి కూడా. కానీ కాసేపటికి కర్ర కుడికీ ఎడమకీ వణుకుతున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. ప్రవాహం పోయేది ఒక దిక్కు, కర్ర ఊగేది దానికి అడ్డంగా! ఆకాశాన్నంటే మేడలు కట్టే ఇంజినీర్లను అన్నిటికన్నా ఎక్కువగా వేధించేది ఈ అడ్డం ఊపే.

కర్ర వెనక నీళ్లను గమనిస్తే కారణం అక్కడే కనిపిస్తుంది. రెండు పక్కల నుంచీ చుట్టి వచ్చే నీరు వెనకవైపు సుడులు తిరుగుతుంది. ఆ సుడులు రెండూ ఒకేసారి విడిపోవు. ఒకటి కుడి నుంచి, తర్వాతది ఎడమ నుంచి, మళ్లీ కుడి నుంచి, ఇలా వంతులవారీగా విడిపోతాయి. విడిపోయిన ప్రతిసారీ రెండు పక్కలా పీడనంలో తేడా వచ్చి కర్రను ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతుంది. గాలిలోనూ ఇంతే. గాలికి తీగలు ఈల వేస్తాయి కదా, ఆ ఈలను 1878లో చెక్ శాస్త్రవేత్త విన్సెంట్ స్ట్రౌహల్ కొలిచి చూశాడు. ఈల ఎంత సన్నగా పలుకుతుందన్నది గాలి వేగాన్ని, తీగ మందాన్ని బట్టి ఉంటుందని తేల్చాడు. ఆయన పేరు మీదున్న లెక్క ఇప్పటికీ వాడుతున్నారు. గుండ్రటి వస్తువైతే గాలి వేగాన్ని దాని మందంతో భాగించి, 0.2తో గుణిస్తే చాలు, సెకనుకు ఎన్ని ఊపులో వచ్చేస్తుంది. 40 మీటర్ల మందమున్న గుండ్రటి టవర్‌కి సెకనుకు 30 మీటర్ల వేగంతో గాలి తగిలిందనుకుందాం. లెక్క కడితే 0.15 వస్తుంది. అంటే దాదాపు 7 సెకన్లకు ఒక ఊపు.

ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. మేడకి కూడా తనదంటూ ఒక ఊపు ఉంటుంది. అంతస్తుల సంఖ్యను పదితో భాగిస్తే అది ఉజ్జాయింపుగా ఎన్ని సెకన్లో తెలుస్తుంది. 70 అంతస్తుల మేడకి సుమారు 7 సెకన్లు. గాలి ఊపూ మేడ ఊపూ ఇలా కలిశాయంటే, ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అప్పుడే ఒక తోపు తోసినట్టవుతుంది. తోపు చిన్నదే అయినా ఊపు పెరుగుతూ పోతుంది. దీన్నే అనునాదం అంటారు.

అలాగని మేడ కూలిపోతుందని కాదు. ఉక్కు, కాంక్రీటు ఆ మాత్రం ఊపును తట్టుకుంటాయి. తట్టుకోలేనిది మనిషే. ఎంత ఊపు దాకా మనుషులు ఓర్చుకుంటారో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ను డిజైన్ చేసే రోజుల్లో ఎవరికీ సరిగా తెలియదు. 1965లో అమెరికాలోని యూజీన్ అనే ఊళ్లో ఉచిత కంటి పరీక్షలని చెప్పి జనాన్ని పిలిచారు. పరీక్ష జరిగే గది అడుగున హైడ్రాలిక్ యంత్రాలున్నాయి. కళ్ల గురించి మాట్లాడుతూనే గదిని మెల్లగా ఊపడం మొదలుపెట్టారు. కొంతమందికి తల తిరిగింది, ఎందుకో అర్థం కాలేదు. ఇంజినీర్లు అనుకున్నదానికన్నా చాలా తక్కువ కదలికనే మనుషులు పసిగట్టారు. ఆ తర్వాత వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లలో ఒక్కోదానిలో సుమారు 10,000 డ్యాంపర్లు, అంటే ఊపును అణిచే పరికరాలు, పెట్టారు. చెప్పకుండా మనుషుల మీద అలా పరీక్ష చేయడం తప్పే అంటాను. కానీ ఎత్తైన మేడకి అసలు కొలమానం ఉక్కు బలం కాదని, లోపల ఉండే మనిషి ఒంటికి తెలిసే కదలికేనని ఇంజినీర్లు గ్రహించింది ఇలాంటి పరీక్షల వల్లే.

మరి గాలిని ఆపేదెలా? ఆపలేం. దానికి లయ కుదరకుండా చేయగలం. పాత ఫ్యాక్టరీల ఇనుప పొగగొట్టాలకు పైభాగంలో మెట్లదారిలా చుట్టుకుపోయే రెక్కల్ని చూసే ఉంటారు. అవి అందం కోసం కాదు. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో చోట విడిపోవాలని, సుడులన్నీ ఒకే తాళంలో పడకూడదని పెట్టినవి. దుబాయ్‌లోని 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కూడా ఇదే పని చేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ దాని మూడు రెక్కలూ ఒకదాని తర్వాత ఒకటి, మెలి తిరుగుతున్నట్టు వెనక్కి తగ్గుతాయి. అందుకే ఒక్కో ఎత్తులో మేడ వెడల్పు ఒక్కోలా ఉంటుంది. మందం మారితే స్ట్రౌహల్ లెక్క ప్రకారం ఊపు కూడా మారాలి. కింది సుడి ఒక లయలో, పై సుడి ఇంకో లయలో నడుస్తాయి. ఆ మేడ ఇంజినీర్ విలియం బేకర్ దీన్ని గాలిని తికమక పెట్టడం అంటాడు. 2015లో పూర్తయిన 632 మీటర్ల షాంఘై టవర్ కింది నుంచి పైకి 120 డిగ్రీలు మెలి తిరిగి ఉంటుంది. ఆ మెలిక వల్ల గాలి భారం 24 శాతం తగ్గింది. న్యూయార్క్‌లోని 432 పార్క్ అవెన్యూలో మధ్యమధ్య కొన్ని అంతస్తుల్ని కిటికీలు లేకుండా వదిలేశారు, గాలి అటు నుంచి ఇటు దూరి పోవడానికి. ఫొటోల్లో చూసి వింత ఆకారాలు అనుకునే వాటిలో చాలా వరకు విండ్ టన్నెల్‌లో చిన్న నమూనాల మీద గాలి వదిలి, చెక్కి, మళ్లీ వదిలి తేల్చుకున్నవే.

ఆకారంతోనే పని జరగనప్పుడు బరువు సాయం తీసుకుంటారు. న్యూయార్క్‌లో 1977లో పూర్తయిన సిటీకార్ప్ సెంటర్ పైభాగంలో 400 టన్నుల కాంక్రీటు దిమ్మె నూనె పొర మీద తేలుతుంది. మేడ ఒక పక్కకు కదిలితే దిమ్మె వెనకబడి దాన్ని ఇవతలికి లాగుతుంది. ఈ మేడ కథ ఇంకోటి ఉంది. స్థలం మూలలో ఒక చర్చి ఉండటంతో స్తంభాల్ని మూలల్లో కాక నాలుగు పక్కల మధ్యలో నిలబెట్టారు. 1978లో ఇంజినీర్ విలియం లెమెషూరియర్ మళ్లీ లెక్కలు వేసుకుంటే, వెల్డింగ్ చేయాల్సిన అతుకుల్ని బోల్టులతో బిగించారని, మూల వైపు నుంచి వచ్చే గాలికి అవి చాలవని తేలింది. పైన ఉన్న దిమ్మె కరెంటుతో నడిచేది. తుఫానులో కరెంటు పోతే దిక్కేమిటి? ఆయన తన తప్పును తానే మేడ యజమానులకు చెప్పేశాడు. కొన్ని వారాల పాటు, ఆఫీసులు మూసేశాక రాత్రంతా వెల్డర్లు అతుకుల మీద ఉక్కు పలకలు అంటించారు. ఈ సంగతి జనానికి తెలిసింది 1995లో! లోపల పనిచేసేవాళ్లకి కూడా చెప్పకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తైవాన్ రాజధాని తైపేలో మాత్రం ఏదీ దాచలేదు. 2004లో పూర్తయిన తైపే 101 ఎత్తు 508 మీటర్లు. తుఫాన్లు, భూకంపాలు రెండూ ఉన్న చోటు. ముందు మేడ మూలల్ని మెట్లు మెట్లుగా చెక్కారు. ఆ పైన 92వ అంతస్తు నుంచి 87 దాకా 660 టన్నుల ఉక్కు గోళాన్ని తాళ్లతో వేలాడదీశారు. అంత పెద్ద ముద్దను పైకి ఎత్తే క్రేన్ లేదు కాబట్టి 41 పలకలుగా తెచ్చి, అక్కడే ఒకదాని మీద ఒకటి పేర్చి వెల్డింగ్ చేశారు. దగ్గరికెళితే ఆ పొరలు కంటికి తెలుస్తాయి. అది అచ్చంగా బడిలో చదువుకున్న లోలకమే. 7 సెకన్ల ఊపు రావాలంటే లోలకం పొడవు సుమారు 12 మీటర్లు ఉండాలని పాఠ్యపుస్తకం సూత్రమే చెబుతుంది. మేడ ఊపు కూడా దాదాపు 7 సెకన్లే. రెండింటికీ లయ కలిపారు గానీ గోళం ఎప్పుడూ ఒక పావు ఊపు ఆలస్యంగా నడుస్తుంది. అందుకే మేడ అటు పరుగెడుతుంటే అది ఇటు లాగుతూ ఉంటుంది. కింద బిగించిన ఎనిమిది పిస్టన్లలోని నూనె ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది.

2015 ఆగస్టులో సౌడెలార్ తుఫాను తైవాన్ మీదుగా పోయినప్పుడు ఆ గోళం ఒక మీటరు దాకా ఊగింది. అప్పటిదాకా అది అంత ఊగడం ఎవరూ చూడలేదు. కెమెరాలో పడిన దృశ్యంలో ఆ బంగారు రంగు గోళం ఒక పక్కకు నెమ్మదిగా జరిగి, ఒక్క క్షణం నిలిచి, అంతే నెమ్మదిగా వెనక్కి వస్తుంది.