బెజవాడ జెండా: రంగులు దాదాపు అవే, అర్థాలే మారాయి

1921 మార్చి ఆఖర్లో బెజవాడలో కాంగ్రెస్ పెద్దలంతా సమావేశమయ్యారు. గాంధీజీ అడగ్గానే పింగళి వెంకయ్య మూడు గంటల్లో జెండా సిద్ధం చేసి ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ, మీద రాట్నం. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. సమావేశం ముందు పెట్టడానికి మాత్రం కాస్త ఆలస్యమైంది. అలా అయినందుకే సంతోషమని గాంధీజీ ఆ ఏప్రిల్‌లోనే ‘యంగ్ ఇండియా’లో రాశారు. నింపాదిగా ఆలోచిస్తే మిగతా మతాలవారి మాటేమిటన్న సంగతి తట్టింది. తెలుపు చేరింది.

వరసే అసలు విశేషం. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, అడుగున ఎరుపు. సంఖ్యలో తక్కువవారిది ముందు చోటు, ఎక్కువవారు అడుగున ఉండి అందరికీ కాపు కాయాలి. అంటే ఆ జెండాలో రంగుతోపాటు దాని స్థానమూ మాట్లాడింది.

అయితే మతానికో రంగు పంచాక మా వాటా ఏదని అడగరా? సిక్కులు అడిగారు. 1931లో వేసిన జెండా సంఘం గొడవే లేకుండా మొత్తం కాషాయమే ఉంచుదామంది. కాంగ్రెస్ కమిటీ ఒప్పుకోలేదు. ఎరుపుకు బదులు కాషాయం పైకి, తెలుపు నడుమకు, ఆకుపచ్చ కిందికి వచ్చాయి. ధైర్యం, త్యాగం కాషాయానికి. సత్యం, శాంతి తెలుపుకు. విశ్వాసం, శౌర్యం ఆకుపచ్చకు చెప్పారు. మతాలతో ముడి పెట్టొద్దని స్పష్టంగానే అన్నారు. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం చోట ధర్మచక్రాన్ని ఆమోదించింది. ఆకుపచ్చ అంటే నేలతో, పైరుపచ్చలతో మన బంధమన్నారు రాధాకృష్ణన్. పాతికేళ్లు దాటేసరికి ఆకుపచ్చకు ఇది మూడో అర్థం.

రంగులో అర్థం పుట్టుకతో ఉండదు, మనుషులు ఒప్పుకుంటే వస్తుంది. ఐర్లాండ్ జెండాలోనూ ఆకుపచ్చ, తెలుపు, నారింజ ఉన్నాయి. అక్కడ నారింజ ప్రొటెస్టెంట్లది. మనం గడపకు పూసే పసుపు శుభం; అదే పసుపు జెండా ఒకప్పుడు ఓడ మీద ఎగిరితే లోపల అంటురోగం ఉందేమోనని రేవు జనం హడలిపోయేవారు. ఒక్కోసారి ఖరీదు కూడా అర్థాన్నిస్తుంది. ఐరోపా చిత్రకారులు మేరీమాత వస్త్రానికి వేసిన నీలం అఫ్గానిస్తాన్ రాయిని నూరి తీసింది, మహా ప్రియం. ఆమెకు దక్కిన గౌరవంలో ఆ ధరకూ పాలుంది.

అర్థాలు మారినా కొలతలు మారడానికి వీల్లేదు. పొడవు, ఎత్తు 3:2. మనం ఎక్కువగా చూసే 900×600 మి.మీ. జెండాలో ఒక్కో పట్టీ 200 మి.మీ., చక్రం వ్యాసం 185. అంటే చక్రానికి పైనా కిందా 7.5 మి.మీ. తెలుపు మిగలాలి. చవక అచ్చుల్లో చక్రం పట్టీ అంచులకు తగిలేది ఇక్కడే. 24 ఆకులు, ఆకుకూ ఆకుకూ 15 డిగ్రీలు; చక్రం ముదురు నీలం, లేత నీలం కాదు. రెండు వైపులా ఒకేచోట కనిపించాలి.

రంగు గట్టిగా పట్టని గుడ్డ వానకు తడిస్తే కాషాయం, ఆకుపచ్చ తెలుపులోకి దిగుతాయి. విజయవాడ మే ఎండకు కాషాయం వెలిసి పసుపు తిరుగుతుంది. అలా పాడైన జెండాను ఎగరెయ్యకూడదు. గౌరవంగా, చాటుగా, మొత్తంగా కాల్చెయ్యడం మేలంటుంది జెండా నియమావళి. ఇక గోడకు నిలువుగా కట్టేవాళ్లు ఎక్కువగా తికమకపడే సంగతి ఒకటుంది: కాషాయం చూసేవాళ్ల ఎడమ చేతి వైపుకు రావాలి.