బెయిన్‌బ్రిడ్జ్ హైస్కూల్లో 13 ఖాళీ కుర్చీలు

మే నెలాఖరుకి అమెరికా హైస్కూళ్లలో గ్రాడ్యుయేషన్ల హడావిడి మొదలవుతుంది. ఇప్పుడు దాని వెంటే ఒక గొడవ కూడా వస్తోంది. అధికారులు పట్టుకుపోయిన క్లాస్‌మేట్ సంగతి ఆ రోజు ఎత్తొచ్చా, ఎత్తకూడదా?

2025 మే 31న మసాచుసెట్స్‌లోని మిల్‌ఫర్డ్‌లో, వాలీబాల్ ప్రాక్టీసుకు బయల్దేరిన 18 ఏళ్ల కుర్రాణ్ని ఇమిగ్రేషన్ అధికారులు అదుపులోకి తీసుకున్నారు. చిన్నప్పుడే బ్రెజిల్ నుంచి వచ్చినవాడు. మర్నాడే స్కూల్లో గ్రాడ్యుయేషన్. అతనిది ఇంకా పదకొండో తరగతే, కానీ ఆ రోజు స్కూలు బ్యాండ్‌లో వాయించాల్సి ఉంది. సీనియర్లు పట్టాలు తీసుకుని, గౌన్లూ టోపీలూ విప్పకుండానే టౌన్ హాల్‌కి నడిచారు. తాము వెతికింది తండ్రి కోసమని, అయితే కొడుక్కీ చెల్లుబాటయ్యే కాగితాలు లేవని అధికారులు చెప్పారు. జూన్ 5న బాండ్ మీద వదిలారు.

దీనికి రెండున్నర నెలల ముందు, మార్చిలో, ట్రంప్ ప్రభుత్వం 1798 నాటి శత్రుదేశీయుల చట్టాన్ని బయటికి తీసి వెనెజ్వెలా వాళ్ల మీద ప్రయోగించింది. యుద్ధకాలం కోసం రాసుకున్న చట్టమది. అంతకుముందు వాడింది రెండో ప్రపంచ యుద్ధంలో. దాంతో అందరి నోటా 1942 వచ్చింది, అంటే జపాన్ మూలాలున్న కుటుంబాల్ని అమెరికా క్యాంపులకు తరలించిన ఏడాది. పోల్చినవాళ్లకు వెంటనే ఎదురయ్యే జవాబు రెండు ముక్కలు: అప్పటి పిల్లలు పౌరులు, వీళ్లు కారు, అయినా చదువుల పండగలోకి ఇవన్నీ ఎందుకు? మొదటి ముక్కలో కొంత నిజముంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. రెండోదానికి జవాబు కావాలంటే సియాటిల్ నుంచి ఫెర్రీ ఎక్కాలి.

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు బెయిన్‌బ్రిడ్జ్ ఐలాండ్ తెలియనిది కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వీకెండ్‌లో తిప్పే చోట్లలో అదొకటి. అరగంట పైచిలుకు ప్రయాణం, డెక్ మీద చలిగాలిలో ఫొటోలు, ఒడ్డున ఐస్‌క్రీమ్, మళ్లీ వెనక్కి. ఈగల్ హార్బర్‌కి అవతలి పక్కన ఇంకో పాత రేవు ఉండేది. అటువైపు మనవాళ్లు పెద్దగా వెళ్లరు.

జపాన్ దాడి చేసిన పెర్ల్ హార్బర్ నుంచి మొదలుపెట్టి చెప్పనక్కర్లేదు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066 ఉత్తర్వు, పశ్చిమ తీరం నుంచి జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని క్యాంపులకు తరలించడం, వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే కావడం చాలామందికి తెలిసినవే. ఎవరూ అంతగా పట్టించుకోనిది క్యాలెండర్. తరలింపు ఒక్క రాత్రిలో జరగలేదు. సైన్యం తీరాన్ని ముక్కలుగా విడగొట్టి, ముక్కకొక ఉత్తర్వు చొప్పున 108 ఉత్తర్వులు ఇచ్చింది. మార్చి చివర మొదలైన పని వేసవిలోకి సాగింది. సరిగ్గా స్కూలు ఏడాది ముగిసే నెలలు. పన్నెండో తరగతి పిల్లలు పరీక్షలకు నాలుగైదు వారాల ముందు, ఒక్కోచోట పట్టా చేతికి రావడానికి కొద్ది రోజుల ముందు సామాను సర్దుకోవాల్సి వచ్చింది.

ఆ 108లో ఒకటో నంబరు ఉత్తర్వు బెయిన్‌బ్రిడ్జ్‌ది. మార్చి 24న అంటించారు. గడువు ఆరు రోజులు. దీవిలో జపనీయ కుటుంబాలు ఎక్కువగా స్ట్రాబెర్రీ రైతులు. ఫిబ్రవరిలోనే ఎఫ్‌బీఐ వచ్చి చాలామంది తండ్రుల్ని పట్టుకెళ్లింది. కొన్ని ఇళ్లలో డైనమైట్ దొరికింది, నిజమే. అడవి కొట్టి పొలం చేసుకునేవాళ్ల ఇళ్లలో మొద్దులు పేల్చడానికి డైనమైట్ ఉండదా మరి?

నా లెక్కలో ఈ కథ మలుపు తిరిగింది ఉత్తర్వు అంటించిన రోజున కాదు, ఆ ఆరు రోజుల్లో స్కూలు గ్రౌండ్‌లో. బెయిన్‌బ్రిడ్జ్ హైస్కూలు బేస్‌బాల్ టీమ్‌లో ఆరుగురు జపనీయ కుర్రాళ్లు ఉండేవాళ్లు. వెళ్లిపోయే ముందు ఒకే ఒక్క మ్యాచ్ మిగిలింది. కోచ్ ఆరుగుర్నీ దింపాడు. టీమ్ చిత్తుగా ఓడిపోతున్నా ఎవర్నీ మార్చలేదు, ఆట చివరిదాకా వాళ్లనే ఆడనిచ్చాడు. గెలుపోటముల కోసం ప్రాణం పెట్టే కోచ్ చేసే పని కాదది. ఆయన ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. టీమ్‌లో మిగతా కుర్రాళ్లకు మాత్రం విషయం అర్థమై ఉంటుంది.

మార్చి 30 పొద్దున 227 మంది ఈగల్‌డేల్ రేవుకు నడిచారు. కోటు గుండీలకు నంబర్లు రాసిన కాగితపు ట్యాగులు, చేతికి పట్టినంత సామాను, పక్కన తుపాకులకు బాయ్‌నెట్లు తగిలించుకున్న సైనికులు. ఆ సైనికుల్లోనే కొందరు ముసలివాళ్ల సంచులు మోశారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. క్లాసులు మానేసి వచ్చిన స్కూలు పిల్లలు గట్టు మీద నిలబడి ఏడ్చారు. కెహ్లోకెన్ అనే ఫెర్రీ వాళ్లను సియాటిల్‌కి చేర్చింది. అక్కడ వంతెన మీద జనం ఎగబడి చూస్తున్న ఫొటో ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. గట్టు మీది ముఖాలకూ ఈ వంతెన మీది ముఖాలకూ తేడా ఆ ఫొటో చూస్తే తెలుస్తుంది. వీళ్లు చూడ్డానికి వచ్చారు, వాళ్లు సాగనంపడానికి వచ్చారు. అక్కణ్నుంచి రైలు, కాలిఫోర్నియా ఎడారిలో మంజనార్ క్యాంపు.

జూన్‌లో గ్రాడ్యుయేషన్ జరిగింది. వెళ్లిపోయిన సీనియర్ల కోసం స్కూలు 13 కుర్చీలు వేసి, ఖాళీగా ఉంచింది.

అదే 1942 మే నెలలో బర్కిలీలో కాలిఫోర్నియా యూనివర్సిటీ స్నాతకోత్సవం ఎలా జరిగిందో పక్కన పెట్టి చూడండి. ఆ బ్యాచ్‌లో అత్యుత్తమ విద్యార్థి మెడల్ హార్వీ ఇటానోకి వచ్చింది. అప్పటికే అతను శాక్రమెంటో దగ్గర క్యాంపులో ఉన్నాడు. యూనివర్సిటీ అధ్యక్షుడు రాబర్ట్ స్ప్రౌల్ సభలో చెప్పిన మాట: ఆయన ఈ రోజు మనతో ఉండలేకపోయారు, ఆయన దేశం ఆయన్ని వేరేచోటికి పిలిచింది. వినేవాడికి కుర్రాడు మిలిటరీలో చేరాడనిపిస్తుంది. స్ప్రౌల్ చెడ్డవాడేమీ కాదు, ఈ విద్యార్థుల చదువు ఆగకుండా చాలా పాటుపడ్డాడు. అయినా మాట దగ్గరికి వచ్చేసరికి మెత్తబడ్డాడు. (ఇటానో తర్వాత డాక్టరై, లైనస్ పాలింగ్‌తో కలిసి సికిల్ సెల్ జబ్బు మూలం హిమోగ్లోబిన్ అణువులో ఉందని 1949లో చూపించిన బృందంలో ఒకడు.) మాటలతో కప్పిపుచ్చడం ఎంత తేలికో బర్కిలీలో చూశాం. ఖాళీ కుర్చీకి ఆ సౌకర్యం లేదు.

ఆ స్కూలుకు అంత ధైర్యం ఊరికే రాలేదు. దీవిలో వాల్ట్, మిలీ వుడ్‌వర్డ్ దంపతులు నడిపే బెయిన్‌బ్రిడ్జ్ రివ్యూ అనే చిన్న వారపత్రిక ఉండేది. తరలింపు తప్పని వాళ్లు సంపాదకీయాలు రాస్తూనే ఉన్నారు. పశ్చిమ తీరంలో అలా నిలబడి రాసిన పత్రికలు దాదాపు లేవు. చందాలు, ప్రకటనలు పోగొట్టుకున్నారు. అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి చేశారు. క్యాంపుకు వెళ్లిన కుర్రాళ్లనే విలేకరులుగా పెట్టుకున్నారు. వాళ్లేమీ పెద్ద రాజకీయ వ్యాసాలు పంపలేదు. ఎవరికి పాప పుట్టింది, ఎవరికి పెళ్లయింది, ఎవరికి ఒంట్లో బాగాలేదు, బేస్‌బాల్‌లో ఎవరెలా ఆడుతున్నారు, ఇవే వార్తలు. దీవిలో మిగిలినవాళ్లు వారం వారం కాఫీ తాగుతూ వాటిని చదివారు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చినప్పుడు అసలు ఊరు విడిచి వెళ్లనట్టే ఉండాలన్నది వుడ్‌వర్డ్ ఆలోచన.

అటువైపు వాదన కూడా చెప్పాలి. అది యుద్ధం, ఆ ఏప్రిల్‌లోనే ఫిలిప్పీన్స్‌లో బతాన్ పడిపోయింది, కొడుకుల్ని పసిఫిక్‌కి పంపిన ఇళ్లకు ఆ కుర్చీలు రుచించి ఉండవు. పశ్చిమ తీర సైన్యాధికారి జనరల్ డెవిట్ వాదన మాత్రం ఇంతకంటే విచిత్రం: ఇప్పటిదాకా ఎలాంటి విధ్వంసమూ జరగకపోవడమే ఇకముందు జరుగుతుందనడానికి సూచన అని తన నివేదికలో రాశాడు. అమెరికా కాంగ్రెస్ వేసిన కమిషన్ 1983లో ఈ తరలింపు కారణాల్ని మూడు ముక్కల్లో తేల్చింది: జాతి ద్వేషం, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యం. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది.

ఇక ఆ మొదటి ముక్క, పౌరులు కారన్నది. బెయిన్‌బ్రిడ్జ్ పిల్లలు పౌరులే. వాళ్ల అమ్మానాన్నలు కారు, ఎందుకంటే చట్టం కానివ్వలేదు. తెల్లవాళ్లు కాదు కాబట్టి జపనీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1922 నవంబరులో ఒజావా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మూడు నెలలు దాటగానే అదే కోర్టు అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థిండ్‌కీ అదే చెప్పింది. ఆ తీర్పు తేదీ 1923 ఫిబ్రవరి 19. సరిగ్గా 19 ఏళ్ల తర్వాత అదే తేదీన రూజ్‌వెల్ట్ సంతకం. భారతీయులకు ఆ తలుపు 1946లో తెరిచారు, జపనీయులకు 1952లో. వీసా మీద పెరిగి 21 ఏళ్లు నిండగానే హోదా పోగొట్టుకునే మన హెచ్-4 పిల్లల (అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడ్డవాళ్ల) ఇళ్లలో, కాగితాలు లేకపోవడం వేరు, కాగితాలు ఇవ్వకపోవడం వేరు అని విడమరచి చెప్పక్కర్లేదు. మనం మాత్రం శుద్ధపూసలమా? 1962లో చైనా యుద్ధమప్పుడు అస్సాం, ఇప్పటి మేఘాలయ వైపు నుంచి చైనీయ మూలాలున్న దాదాపు 3,000 మందిని, స్కూలు పిల్లలతో సహా, రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపుకు తరలించాం. అక్కడి స్కూళ్లలో ఎవరైనా బెంచీలు ఖాళీగా ఉంచారో లేదో నాకైతే ఎక్కడా కనిపించలేదు.

1944 చివర్లో జపనీయుల్ని దీవికి రానివ్వొద్దని కొందరు మీటింగ్ పెడితే జనం బాగానే వచ్చారు. రెండో మీటింగుకి పలచబడ్డారు. వెళ్లినవాళ్లలో సగానికి పైగా తిరిగొచ్చారు. చాలా ఊళ్లలో అలా జరగలేదు.

2025 వేసవిలో ప్రభుత్వ ఆదేశం మీద మంజనార్‌లో ఒక బోర్డు వెలిసింది. అక్కడి సమాచారంలో అమెరికన్లను తక్కువ చేసే రాతలు కనిపిస్తే ఫోన్‌లో స్కాన్ చేసి తెలపమని సందర్శకుల్ని అడిగింది. బెయిన్‌బ్రిడ్జ్‌లో ఆ పాత రేవు దగ్గర ఇప్పుడు ఎర్ర దేవదారు చెక్కతో కట్టిన గోడ ఉంది. ఆ రోజు రేవుకు నడిచిన 227 మందితో కలిపి అప్పటి దీవి జపనీయులు మొత్తం 276 మంది, గోడ పొడవు 276 అడుగులు. దీవిలో ఒక స్కూలుకు స్ట్రాబెర్రీ రైతు సొనోజీ సకాయ్ పేరు, ఇంకో స్కూలుకు వుడ్‌వర్డ్ పేరు పెట్టారు. సకాయ్‌లో చదివిన పిల్లలు తర్వాతి తరగతులకు వుడ్‌వర్డ్‌కి వెళ్తారు.